అన్‌బౌండ్: రాజోలు నెట్ సెంటర్లో రెండేళ్ల వాడకం

సైటు పేరు ఇస్తే దాని నంబరు వెతికిపెట్టే అన్‌బౌండ్ అనే ప్రోగ్రాంకి ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. ఆ ఒక్క మార్కు ఎందుకు కోశానో చెప్పాలంటే తుఫాను సంగతి చెప్పాలి. అది కాసేపాగి.

రాజోలు బస్టాండు దగ్గర నాకో నెట్ సెంటరు ఉంది. నాలుగు కంప్యూటర్లు, రెండు ప్రింటర్లు, జిరాక్సు, లామినేషను. పొద్దున్నే వచ్చేవాళ్లు అడంగలు, వన్‌బీ కాగితాల కోసం వస్తారు. పది దాటాక హాల్‌టికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు. మధ్యాహ్నం కువైట్, మస్కట్ వెళ్లేవాళ్ల వీసా ప్రింట్లు. రిజల్ట్స్ రోజున అయితే మెట్ల మీద కూడా పిల్లలే. ఇలాంటి చోట నెట్ ఆగితే జనం కేబుల్ ఆయన్ని తిట్టరు. ఎదురుగా ఉన్నది నేను కదా, నన్నే తిడతారు.

మూడేళ్ల కిందట మాకో వింత జబ్బు పట్టుకుంది. మోడెం మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతూనే ఉంటాయి. ఏ సైటు కొట్టినా పేజీ మాత్రం రాదు. కేబుల్ కుర్రాడికి ఫోన్ చేస్తే "లైను బానే ఉందన్నా, సిగ్నలు ఫుల్లు" అనేవాడు. అందులో అబద్ధం లేదు. సైటు పేరు చెబితే దాని నంబరు చెప్పాల్సిన డీఎన్ఎస్ సర్వరు, మాకు నెట్ ఇచ్చేవాళ్లదే, రద్దీ పెరిగేసరికి మూగనోము పట్టేది. రోడ్డు ఉంది, బండి ఉంది, ఊరికి దారి చెప్పేవాడు లేడు.

కొన్నాళ్లు అందరూ చేసేదే నేనూ చేశాను. కంప్యూటర్లలో డీఎన్ఎస్ దగ్గర నాలుగు ఎనిమిదులు, అంటే గూగుల్ వాళ్ల డీఎన్ఎస్ సర్వరు నంబరు 8.8.8.8 కొట్టాను. జబ్బు పోయింది. చాలామందికి అదే చాలు, అక్కడితో ఆగినా తప్పేం లేదు. నాకు కొంచెం తిక్క.

2024 సంక్రాంతికి మా మేనల్లుడు వచ్చాడు. భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ఊరంతా పందేల బరుల దగ్గర ఉంటే వీడు కొట్లో కూర్చుని, "వాళ్లనీ వీళ్లనీ అడగడం ఎందుకు మావయ్యా, మనమే నేరుగా అడుగుదాం" అన్నాడు. ప్రాజెక్టు కోసం కొన్న బోర్డు కంప్యూటరు, అరచేతిలో పట్టేది, వాడి బ్యాగులో ఉంది. దాంట్లో అన్‌బౌండ్ ఎక్కించి, రౌటరు పక్కన మేకుకి తగిలించి, ముక్కనుమ మర్నాడు వెళ్లిపోయాడు. అప్పట్నుంచీ నా నాలుగు కంప్యూటర్లూ, వైఫై పట్టుకునే ఫోన్లూ దాన్నే అడుగుతున్నాయి.

అన్‌బౌండ్ ఉచితం. నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ ల్యాబ్స్ అనే సంస్థ తయారుచేస్తుంది, మొదటి వెర్షను 2008లో వచ్చింది. పేరు ఇస్తే నంబరు వెతికిపెట్టడం దాని పని. ఇంకెవరి దగ్గరో అడిగి తెచ్చి ఇవ్వడం కాదు, పైనుంచి కింద దాకా తనే తిరిగి తెలుసుకుంటుంది.

నేను మేనల్లుణ్ణి అడిగిన మొదటి ప్రశ్న, "అందరికీ ఇది చెబుతుంది సరే, మరి దీనికి ఎవరు చెబుతారు?" అని. కొత్తగా ఆన్ చేసిన డబ్బాకి లోకంలో ఏ పేరూ తెలియదు. పేర్లన్నిటికీ పైన ఉండేవి రూటు సర్వర్లు. వాటినైనా పేరుతో వెతుకుదామంటే, పేరుని నంబరుగా మార్చే పనే కదా ఇంకా మొదలుకానిది.

ఇక్కడ మా నాన్నగారి గురించి చెప్పాలి. ఆయన ఇరిగేషన్లో కాలువ లస్కరుగా చేసి రిటైరయ్యారు. మా రాజోలు సీమకి నీళ్లు రావాలంటే బొబ్బర్లంక హెడ్డు దగ్గర వదిలి, సెంట్రల్ డెల్టా కాలువ మీదుగా వచ్చి, గన్నవరం అక్విడెక్టు మీద వైనతేయ దాటి రావాలి. జూన్‌లో నారుమళ్ల వేళకి నీళ్లు ఆలస్యమైతే రైతులు మా అరుగు మీదకొచ్చి కూర్చునేవారు. నాన్నగారు పై లాకు వాళ్లని అడిగేవారు, వాళ్లు ఆ పై లాకుని. ఎవరికీ మొత్తం కాలువ సంగతి తెలియదు. తర్వాత ఎవరిని అడగాలో మాత్రం ప్రతి ఒక్కరికీ తెలుసు. డీఎన్ఎస్ కూడా అంతే, కాకపోతే తలకిందులు. మావాళ్లు కింద నుంచి పైకి అడిగేవారు, ఇది తలకాలువ దగ్గర మొదలుపెట్టి కిందకి వస్తుంది. డాట్ ఇన్ సైటు కావాలంటే రూటు సర్వరు "డాట్ ఇన్ వాళ్లు ఫలానా చోట ఉంటారు, పో" అంటుంది. వాళ్లు ఇంకొకరిని చూపిస్తారు. చివరికి సైటు సొంత సర్వరు నంబరు చెబుతుంది.

మరి తలకాలువ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? దానికి ఒక చిన్న కాగితం ఉంటుంది. రూట్ హింట్స్ ఫైలు అంటారు. అందులో పదమూడు పేర్లు, ఏ నుంచి ఎం దాకా ఒక్కో అక్షరానికి ఒకటి, వాటి పక్కన నంబర్లు. అంతే. కొత్తగా డ్యూటీలో చేరిన లస్కరు జేబులో పెట్టే ఫోన్ నంబర్ల చీటీ అనుకోండి.

నాకు నచ్చింది ఆ చీటీ కాదు, దాన్ని అన్‌బౌండ్ వాడే తీరు. చీటీని అది పూర్తిగా నమ్మదు. పదమూడులో ఒకదాన్ని ఎంచుకుని, "రూటు సర్వర్లు ఎవరెవరు?" అని ఒకే ఒక్క ప్రశ్న వేస్తుంది. దీన్ని ప్రైమింగ్ అంటారు. మోటారుకి నీళ్లు పోసి ఎత్తిపిస్తాం చూశారా, ఇంగ్లీషులో దానికీ అదే మాట. పైపులో ఒక చెంబు నీళ్లు పోస్తే తర్వాత అదే తోడుకుంటుంది. అవతలి నుంచి పదమూడు పేర్లూ, నంబర్లూ తాజాగా వస్తాయి. ఇక ఆ జవాబే ప్రమాణం, చీటీ పక్కకి పోతుంది. ఎంచుకున్న సర్వరు పలకకపోతే ఇంకోదాన్ని అడుగుతుంది. ఇలా అడగాలన్న పద్ధతి ఇంటర్నెట్ ప్రమాణాల్లోనే రాసి ఉంది. 2017లో ఆర్‌ఎఫ్‌సీ 8109 అనే పత్రంగా వచ్చింది, 2025 ఫిబ్రవరిలో దాన్ని సవరించి 9609 తెచ్చారు.

ఈ జాగ్రత్త ఎంత పనికొస్తుందో నాకు పొరపాటున తెలిసింది. 2024 డిసెంబరులో పని లేని ఒక మధ్యాహ్నం ఆ ఫైలు తెరిచి, ఇప్పటి అసలు జాబితాతో పక్కపక్కన పెట్టి చూశాను. బీ దగ్గర తేడా కొట్టింది. నా ఫైల్లో 199.9.14.201, అసలు జాబితాలో 170.247.170.2. మా వాడు కాలేజీ ల్యాబులో పెన్‌డ్రైవులో ఎప్పుడో దాచుకున్న ఫైలు కాపీ చేశాడట. బీ సర్వరుని నడిపే సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ వాళ్లు 2023 నవంబరు 27న దాని నంబరు మార్చారు. పాత నంబరు కనీసం ఏడాది పనిచేస్తుందని ముందే చెప్పారు కూడా. ఆ ఏడాది కూడా దాటిపోయింది. అయినా నా కొట్లో ఒక్కరోజు కూడా దాని వల్ల ఇబ్బంది రాలేదు. పదమూడులో పన్నెండు సరిగా ఉన్నాయి, వాటిలో ఒక్కటి పలికినా చాలు, బీ కొత్త నంబరు ఆ జవాబులోనే వచ్చేస్తుంది. నేను మాత్రం ఏదో దొంగ దొరికినంత సంబరంగా మేనల్లుడికి ఫోన్ చేశాను.

వాడు నవ్వి, "అసలా ఫైలే అక్కర్లేదు మావయ్యా, ఆ పదమూడూ ప్రోగ్రాంలోనే రాసి ఉంటాయి. నేనేదో తెలివిగా పెట్టాననుకున్నా" అన్నాడు. ఆ ఫైలు చూడమని సెట్టింగుల్లో రాసిన లైను తీసేశాను. తేడా ఏమీ లేదు. చాలా చోట్ల ఈ ఫైలు అప్పుడప్పుడు కొత్తది దింపుకోండని చెబుతారు. ప్రోగ్రాంని అప్పుడప్పుడు కొత్త వెర్షనుకి మార్చుకుంటుంటే ఆ శ్రమ దండగ. రూటు నంబర్లు మారడమే అరుదు. డీ 2013 జనవరిలో మారింది, హెచ్ 2015 డిసెంబరులో, బీ 2017లో ఒకసారి, మళ్లీ 2023లో. మా వీధిలో సెల్‌ఫోన్ నంబర్లు ఇంతకంటే ఎక్కువసార్లు మారాయి.

పదమూడే ఎందుకని చాలామంది అడుగుతారు. అంటే, మా కొట్టుకొచ్చేవాళ్లు కాదు, నాలాంటి తిక్కవాళ్లు. పాత రోజుల్లో ఒక జవాబు 512 బైట్లలో పట్టాలి. పేర్లూ నంబర్లూ కలిపి ఒకే జవాబులో ఇమిడేటట్టు పదమూడు దగ్గర ఆగారు. ఇప్పుడు ఐపీవీ6 అనే కొత్త రకం పొడుగు నంబర్లు కూడా కలిసి ఆ జవాబు 800 బైట్లు దాటుతుంది, ఇంతకంటే పెద్దది కూడా పుచ్చుకోగలనని అన్‌బౌండ్ ముందే చెప్పి అడుగుతుంది. పదమూడంటే పదమూడు యంత్రాలు కావు. ఒకే నంబరుతో ప్రపంచమంతా వందల చోట్ల సర్వర్లు ఉంటాయి, ముంబై, ఢిల్లీ, చెన్నైలాంటి మన ఊళ్లలో కూడా. దారి దగ్గరగా ఉన్నది పలుకుతుంది. నడిపేది పన్నెండు సంస్థలు. నాసా ఉంది, అమెరికా సైన్యం పరిశోధనశాల ఉంది, స్వీడన్ నెట్‌నాడ్, జపాన్ వైడ్ ప్రాజెక్టు ఉన్నాయి. రాజోలులో వన్‌బీ ప్రింటు కోసం నాసా వారిని వాకబు చేస్తున్నామని మా ఆవిడతో అంటే, "ముందు కరెంటు బిల్లు కట్టు" అంది.

వేగం సంగతి. ప్రైమింగ్ అయ్యాక అన్‌బౌండ్ పదమూడింటిలో ఏది త్వరగా పలుకుతుందో గమనించుకుంటూ పోతుంది. నేను కొలిస్తే మా లైను మీద కొన్ని 20, 30 మిల్లీసెకన్లలో పలికాయి, కొన్ని 200 దాటాయి. ఇది పెద్ద విషయం కాదు, ఎందుకంటే రూటుని రోజుకి ఎన్నిసార్లో అడగదు. డాట్ ఇన్ ఎక్కడో ఒకసారి తెలిశాక గుర్తుంచుకుంటుంది. అసలు తేడా పొద్దున్న కొట్టు తెరిచినప్పుడు. గుర్తున్నదంతా ర్యామ్‌లోనే ఉంటుంది, ఆపితే పోతుంది. మొదటి గిరాకీకి ప్రతి సైటూ ఒక క్షణం తడుముకుంటూ తెరుచుకుంటుంది. నాలుగు ఎనిమిదులు వాడినప్పుడు ఈ తడుముడు ఉండేది కాదు. పావుగంట గడిచాక మాత్రం మనదే ముందు, ఎందుకంటే మా కొట్లో రోజూ తెరిచేవి అవే పాతిక ముప్పై సైట్లు, జవాబు పక్క మేకు మీదే ఉంటుంది. ఇంకో మంచి సంగతి, రూటు సర్వరుని అడిగేటప్పుడు సైటు పేరంతా చెప్పదు, "డాట్ ఇన్ ఎక్కడ?" అని చివరి ముక్క మాత్రమే అడుగుతుంది. ఎవరు ఏ పేజీ చూస్తున్నారో పైవాళ్లకి చెప్పాల్సిన పనేముంది?

పెట్టిన కొత్తలో ఒక తిరకాసు వచ్చింది. మీరూ చూసుకోవాలి. అన్‌బౌండ్ నేరుగా రూటుని అడుగుతోందని నేను అనుకుంటున్నాను, నిజానికి మధ్యలో నెట్ ఇచ్చేవాళ్లు ఆ ప్రశ్నలన్నీ తమ సర్వరు వైపు మళ్లించేస్తున్నారు. బోదెకి గండి కొట్టి నీళ్లు తమ చేలోకి మళ్లించుకున్నట్టు. మా వాడు పట్టిన చిట్కా బావుంది. రూటు సర్వరుని నేరుగా ఏదైనా సైటు పూర్తి నంబరు అడగాలి. అది ఎప్పుడూ చివరి నంబరు చెప్పదు, పక్కవాళ్లని చూపించడమే దాని పని. "ఇదిగో నంబరు" అని జవాబు వచ్చిందంటే పలికింది రూటు సర్వరు కాదన్నమాట. రెండు వారాలు ఫోన్లు చేస్తే ఆ మళ్లింపు తీశారు. వాళ్ల పేరు ఇక్కడ రాయను, రేపు మళ్లీ వాళ్ల దగ్గరే కదా లైను.

ఇక కోసిన మార్కు.

మొన్న అక్టోబరు చివర తుఫాను వచ్చింది. గాలి మొదలయ్యే ముందే డబ్బా, రౌటరు అన్నీ పద్ధతిగా ఆపి, ప్లగ్గులు పీకి, కంప్యూటర్లని బల్లల మీదకెక్కించి షట్టరు దించాను. కరెంటు, లైను, పైకప్పు రేకులు అన్నీ కుదిరి మళ్లీ తెరిచేసరికి తొమ్మిది రోజులైంది. తెరవగానే మా ఊరి పెద్దాయన వచ్చాడు, చేతిలో పాస్‌బుక్కు. "బాబూ, మా చేను ఈ-క్రాపులో ఎక్కిందో లేదో చూడు, నష్టం రాస్తున్నారట" అన్నాడు. చూద్దామని కొడితే పేజీ రాదు. ఏ పేజీ రాదు. ఆయన వెనకాల ఇంకో ఏడుగురు.

డబ్బా ఆపి మళ్లీ వేశాను. మూడుసార్లు. కేబుల్ కుర్రాణ్ణి తిట్టాను, వాడు మళ్లీ "లైను బానే ఉందన్నా" అన్నాడు, ఈసారీ వాడిదే నిజం. అవతలి యంత్రం పలుకుతుందో లేదో చూసే పింగ్ నంబరుతో కొడితే వెళ్తోంది, పేరుతో కొడితే లేదు. పెద్దాయన ముఖం చూడలేక ఒక కంప్యూటర్లో నాలుగు ఎనిమిదులు కొట్టి ఆయన పని చేసి పంపాను. (చేను ఎక్కింది.) తర్వాత టెన్షన్ కొంచెం తగ్గాక లాగ్, అంటే ప్రోగ్రాం రాసుకునే చిట్టా, తెరిచి చూశాను. రూటు సర్వర్లు దొరికాయి, పలికాయి, జాబితా కూడా వచ్చింది. తేడా ఆ తర్వాత. వచ్చిన జవాబుల మీద, అవి అసలువాళ్లవేనని చూపే సంతకం ఉంటుంది, దాని చెల్లుబాటు ఇంకా మొదలుకాలేదు అంటోంది. మొదలుకాకపోవడం ఏమిటి? మేనల్లుడు ఫోన్లో ఒకటే అడిగాడు, "మావయ్యా, డబ్బాలో తేదీ ఎంతుంది?"

తుఫాను రోజు తేదీ ఉంది.

ఆ బోర్డుకి గడియారం బ్యాటరీ లేదు. ఆపినప్పుడు టైం ఒక ఫైల్లో రాసుకుంటుంది, మళ్లీ వేసినప్పుడు అక్కణ్ణుంచే లెక్క మొదలుపెడుతుంది. తర్వాత నెట్‌లో టైం సర్వరుని అడిగి సరిచేసుకుంటుంది. టైం సర్వరుని అడగాలంటే దాని పేరుకి నంబరు కావాలి. నంబరు చెప్పాల్సింది అన్‌బౌండే. అన్‌బౌండ్ డీఎన్ఎస్‌సెక్ అనే ఆ సంతకాలు సరిచూసుకుని గానీ చెప్పదు. ఆ సంతకాలకి ఇప్పటి నుంచి అప్పటి దాకా అని గడువు ఉంటుంది. డబ్బా దృష్టిలో ఇంకా తొమ్మిది రోజుల కిందటే ఉన్నాం, నిన్న పెట్టిన సంతకం దానికి రేపటి సంతకంలా కనిపిస్తుంది. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు.

అంతకుముందు ఏడాదిన్నరలో ఎన్నో కరెంటు కోతలు చూశాం, అప్పుడెప్పుడూ ఇలా కాలేదేమని నాకు అనుమానం. దానికీ కారణం ఉంది. టైం కొంచెం అటూఇటూ ఉన్నా అన్‌బౌండ్ సర్దుకుపోతుంది, ఆ సర్దుబాటు ఎంత పెంచినా 86400 సెకన్లకి మించకుండా మామూలు సెట్టింగులో ఉంటుంది, అంటే ఒక రోజు. పూటా అరపూటా కోతలు అందులో ఇమిడిపోయాయి. తొమ్మిది రోజులు ఇమడలేదు.

చేత్తో తేదీ కొట్టాను. ఒక్క నిమిషంలో అన్నీ తెరుచుకున్నాయి.

తప్పు ప్రోగ్రాందా అంటే కాదు. పాత తేదీ ఉన్న గడియారంతో సంతకాన్ని నమ్మేస్తే ఇక సంతకం ఎందుకు? తప్పు నాది, బ్యాటరీ లేని బోర్డుని కోనసీమలో పెట్టి గడియారం మాట ఆలోచించకపోవడం. అయినా మార్కు ఎందుకు కోశానంటే, ఏ జవాబూ రానప్పుడు కంప్యూటరు తెర మీద కనిపించేది "సర్వరు దొరకలేదు" అనే మాట. అది చూసి ఎవరైనా లైను పోయిందనుకుంటారు, రూటు దొరకలేదనుకుంటారు, టైం తప్పిందని కలలో కూడా అనుకోరు. లాగ్‌లో రాయడానికి కూడా ఒక సెట్టింగు మార్చి ఉండాలి, అదృష్టం కొద్దీ మా వాడు మార్చి వెళ్లాడు.

పెట్టుకోదలచిన వాళ్లకి నేను చెప్పేది ఇంతే. బటన్ బ్యాటరీతో వచ్చే చిన్న గడియారం మాడ్యూలు ఒకటి కొని బోర్డుకి తగిలించండి, నాకు మూడు వందల లోపే అయింది. టైం సర్వర్లలో కనీసం ఒకదాన్ని పేరుతో కాక నంబరుతో రాయండి. హింట్స్ ఫైలు గురించి బెంగ పెట్టుకోకండి. ఇంట్లో ఇద్దరు ముగ్గురు ఫోన్లు చూసుకునేవాళ్లైతే అసలు ఇదంతా అక్కర్లేదు, నాలుగు ఎనిమిదులతో సుఖంగా ఉండండి. నెట్ సెంటరు, బడి, చిన్న ఆఫీసు, పది పదిహేను మంది ఒకే లైను మీద ఉండే చోటైతే తప్పకుండా పెట్టుకోవచ్చు.

డబ్బా ఇప్పటికీ అదే మేకు మీద ఉంది. దాని కిందే క్యాలెండరు. పొద్దున్న కొట్టు తెరవగానే ముందు డబ్బాలో తేదీ, క్యాలెండర్లో తేదీ రెండూ చూస్తాను. మొన్న ఒకరోజు రెండింటికీ తేడా వచ్చింది, గుండె జారింది. చూస్తే క్యాలెండర్లో కాగితం చింపడం మర్చిపోయాం.